పటంలో కనిపించని నాన్న

గోడమీద రవివర్మ లక్ష్మీ సరస్వతులను చూస్తూ పెరిగినవాళ్ళం మనలో చాలామందిమి. ఆయన తన సొంత మనుషులనే నిలబెట్టి గీసిన చిత్రం ఒకటుంది. పేరు ‘అదిగో నాన్న’. 1893 నాటి తైలవర్ణ చిత్రం. చంకన బిడ్డతో నిలుచున్న తల్లి ఆయన కూతురు మహాప్రభ. బిడ్డ మనవడు.

ఈ బొమ్మలో భావం తెలియాలంటే ముందు చూపులు గమనించండి. తల్లి మనవైపు చూడదు, పక్కకు చూస్తోంది. బిడ్డా అటే. కింద ఉన్న కుక్కా అటే. అటునుంచి వస్తున్నది తండ్రి. కాని ఆయన పటంలో లేడు!

అది సంతోషమా, ఎదురుచూపా? ఆనాటి కేరళలో అలాంటి కుటుంబాల్లో బిడ్డలు తల్లి ఇంటివారు; తండ్రి వచ్చిపోయే మనిషి. ఈ సంగతి తెలిశాక అదే చూపులో కాస్త దిగులు కూడా తోస్తుంది.

నాకు మరొకటి అనిపిస్తుంది. బొమ్మలు గీస్తూ దేశమంతా తిరిగిన రవివర్మ కోసం కూడా ఇంట్లో పిల్లలు ఒకప్పుడు ఇలాగే చూసి ఉంటారు. తాను లేనప్పటి ఇంటినే ఆయన గీశాడేమో!

బతుకుతెరువుకు ఊళ్ళు దాటివచ్చిన కుటుంబాలు మనవి. ఈసారి పాత పటం దించి తుడిచేటప్పుడు, అందులో ఉన్నదెవరో పిల్లలకు చెప్పి ఊరుకోకండి. వాళ్ళు ఎవరికోసం చూస్తున్నారో కూడా చెప్పండి.