‘ఎ’ వెళ్లేవాళ్లకి... ‘ఇ’ వచ్చేవాళ్లకి!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి ఎల్‌బీ నగర్ వైపు నడుస్తూ తలెత్తి చూస్తే... బోర్డులే బోర్డులు! స్పోకెన్ ఇంగ్లిష్, జీఆర్‌ఈ, కంప్యూటర్ కోర్సులు, మధ్యమధ్యలో విదేశీ చదువుల కన్సల్టెన్సీలు. ఈ దారిలో తరచూ వినిపించే మాట ‘ఇమిగ్రేషన్’. దానికి కవల లాంటి ‘ఎమిగ్రేషన్’ను పట్టించుకునేవాళ్లు తక్కువ. మొదటి అక్షరం మారితే చాలు, అర్థం తిరగబడిపోతుంది.

రెండింటికీ మూలం లాటిన్. ‘ఎ’ అంటే బయటికి, ‘ఇ’ అంటే లోపలికి. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ ఎలాగో ఇవీ అలాగే. ఎగ్జిట్‌లో ఉన్న ‘ఎ’ గుర్తుంటే ఇక తికమక ఉండదు. తెలుగులో మనకీ బాధ లేదు. వలస ఒకటే; వెళ్లారో, వచ్చారో క్రియ చెప్పేస్తుంది. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు వదిలి టొరంటోలో స్థిరపడిన కుర్రాడు మనకు ఎమిగ్రెంట్, కెనడా వాళ్లకు ఇమిగ్రెంట్. మనిషి ఒక్కడే, చూసే గట్టు వేరు.

పరీక్షలో ఒక మార్కు పోయే తేడాయే అయితే ఇంతగా చెప్పుకోనక్కర్లేదు. పొట్టకూటికి గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఇది బతుకు వ్యవహారం. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు మామూలుగా ‘ఈసీఆర్’ కిందికి వస్తుంది. ఆ పొడి అక్షరాల్లో మొదటిది ఎమిగ్రేషనే! 1983 నాటి వలస చట్టం ప్రకారం వీళ్లు గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. అది ఇచ్చే అధికారి పేరు ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’. అంటే వెళ్లేవాళ్ల రక్షకుడు. హైదరాబాద్‌లోనూ ఈ కార్యాలయం ఉంది. ఈ దారిన వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల రూపాయలు అందుతాయి.

మోసం జరిగేది ఇక్కడే. ‘వీసా వచ్చేసింది, ఇమిగ్రేషన్ పని మొత్తం అయిపోయింది’ అంటాడు ఏజెంటు. అది అవతలి దేశం రానిస్తానన్న మాట మాత్రమే. ఇవతలి అనుమతి సంగతి ఎత్తడు. కొందరినైతే విజిట్ వీసా మీద పంపి, ‘అక్కడికెళ్లాక మార్చుకోవచ్చులే’ అంటారు. చూసి రావడానికి వెళ్లేవాళ్లకు ఈ అనుమతి అక్కర్లేదు మరి! అలా వెళ్లినవాళ్లకు బీమా ఉండదు. జీతమెంతో, యజమాని ఎవరో మన ప్రభుత్వ రికార్డుల్లోనూ ఉండదు. కాబట్టి ఇంట్లో ఎవరైనా గల్ఫ్ ప్రయాణం కడుతుంటే ఏజెంటును అడగాల్సినవి రెండు కాగితాలు... ఆ దేశపు వర్క్ వీసా, మన దేశపు ఎమిగ్రేషన్ క్లియరెన్స్.

దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల మెట్లెక్కే డిగ్రీ కుర్రాళ్లకు ఈసీఆర్ బెడద లేదు. వాళ్లకు ‘ఇ’తో పేచీ. అమెరికా చదువుకిచ్చే ఎఫ్-1 ‘నాన్ ఇమిగ్రెంట్’ వీసా. చదువయ్యాక తిరిగొస్తారన్నది దాని షరతు. ‘స్థిరపడటానికే వస్తున్నారు’ అనే అధికారి మొదట అనుకోవాలని అక్కడి చట్టంలోని 214(బి) సెక్షనే చెబుతోంది. కాదని నమ్మించాల్సిన భారం పిల్లలది. 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉన్న కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లి, ఇంగ్లిష్ బాగా వచ్చని చూపడానికి ‘ఇమిగ్రేట్ అవుతాను’ అన్నారో... అంతే సంగతులు! హెచ్1బీ వాళ్లకు మాత్రం ఈ అనుమానం నుంచి మినహాయింపు ఉంది.

ఇంత చెప్పాక చిన్న చిక్కు. శంషాబాద్ విమానాశ్రయంలో దేశం దాటేటప్పుడు నిలబడే క్యూ పేరు కూడా ఇమిగ్రేషనే! రాకపోకలు రెండూ చూసేది బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ మరి. ఈసీఆర్ పాస్‌పోర్టు, పని వీసా ఉండి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేనివాళ్లను వెనక్కి పంపేదీ ఆ కౌంటర్ దగ్గరే.