లేపనములు - పెప్టైడులు - పరిశుద్ధత

యాడికి ప్రాంతమున వేరుసెనగ చేలలో ఎండకు పనిచేయువారి చర్మము ఎంత త్వరగా బీటలు వారునో అచటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. మడమలకు, చేతులకు కాసింత నూనె రాచుకొనుటయే తరతరముల వాడుక. ఇప్పుడు అంగడులలో పెప్టైడులు గల లేపనములు ‘పరిశుద్ధ సౌందర్యము’ అను ముద్రతో వెలసినవి. చిన్న బుడ్డికి వందల రూపాయల వెల. కూలిడబ్బుతో కొనువారు రెండు సంగతులు విచారింపవలెను. ఇవి పనిచేయునా? ఇవి నిజముగా పరిశుద్ధములా?

మాంసకృత్తులు ఎమినో ఆమ్లములను పూసలు గ్రుచ్చిన దండలు. అందలి కొలది పూసల తునకయే పెప్టైడు. చర్మమునకు బిగువు నిచ్చు కొల్లాజెన్ మూడు పురుల త్రాడు వంటిదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిరి. వయసు చేతను, ఎండ చేతను ఆ త్రాడు సడలును. 1973లో లోరెన్ పికార్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మానవరక్తమున మూడు పూసల పెప్టైడు నొకదానిని గుర్తించెను. అది రాగితో కూడి, కణములచే కొల్లాజెన్‌ను ఎక్కువగా చేయించునని పిదప ప్రయోగములలో తేలినది.

అయితే కణములపై కనిపించిన ఫలమంతయు ముఖముపై కనిపించదు. చర్మపు పైపొర కోటగోడ వంటిది. అణుభారము 500 మించిన పదార్థములు దానిని దాటుట కష్టము. అందుచే కొన్ని పెప్టైడులకు క్రొవ్వు ఆమ్లమును తగిలింతురు. వీనివలన సన్నని ముడుతలు కొంత తగ్గినట్లు కొన్ని పరీక్షలు చెప్పుచున్నవి; కాని వానిలో పెక్కు కొద్దిమందిపై జరిగినవే.

ఇక పరిశుద్ధత. మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనముల నిబంధనలలో ఈ మాటకు నిర్వచనము లేదు. ప్రయోగశాలలో పుట్టినంత మాత్రమున పదార్థము మలినము కాదు. పాదరసము, సీసము ప్రకృతిసిద్ధములే యైనను విషములు. ఒకే క్రమమున గ్రుచ్చిన పూసలు ఎచట గ్రుచ్చినను ఒకటే.

అసలు ప్రశ్న తయారీలో నున్నది. 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ కనిపెట్టిన పద్ధతిలో రెజిను గుళికపై ఒక్కొక్క పూసను చేర్చి, చేర్చినపుడెల్ల కడుగవలెను. ఇందులకు తరచు వాడు డైమిథైల్ ఫార్మమైడ్ గర్భస్థశిశువులకు హాని చేయగలదు. 2023 డిసెంబరు నుండి ఐరోపా సమాజము దాని వాడుకపై కట్టుబాట్లు అమలుపరచినది.

కర్మాగారపు మురుగు ఏమి చేయగలదో తెలుగునేలపైననే చూచితిమి. పటాన్‌చెరు చెంత మందుల కర్మాగారముల నీటిని శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ఒక పరిశోధన తెలిపెను. అది పెప్టైడుల దోషము కాదు; కాని పాఠము వానికిని వర్తించును. బుడ్డిపై ముద్ర కాదు, వాగులోని నీరే పరిశుద్ధతకు సాక్షి. బిందెడు నీటి విలువ ఎరిగిన అనంతపురము వారికి ఇది సులభముగా బోధపడును.

కావున కొనదలచినవారు లైసెన్సు సంఖ్యను, పదార్థముల పట్టికను చూడవలెను. కొనలేనివారు చింతింప నక్కరలేదు. స్నానానంతరము తడి యారకముందే రాచిన నూనె లేక వ్యాజిలీను, తలపై కొంగు, మిట్టమధ్యాహ్నమున చెట్టునీడ: ఎండిన చర్మమునకు నేటికిని ఇవియే మొదటి రక్షణ.