దేవబలోదా, భిలాయి: ఒక రోజు యాత్ర

చరోదా ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, రాయపూర్‌కూ దుర్గ్‌కూ నడుమ, హౌరా–ముంబయి రైలు మార్గం మీద ఉన్న ఊరు. రైల్వేవాళ్లు దీన్ని బీఎంవై అంటారు, అంటే భిలాయి మార్షలింగ్ యార్డు. గూడ్సు బండ్లను ఇక్కడ విడదీసి, మళ్లీ కూర్చి పంపుతారు. ఊరి పక్కన దేవబలోదాలో కలచురి రాజుల కాలపు శివాలయం, కాస్త దూరంలో సోవియట్ సహకారంతో వెలసిన ఉక్కు నగరం భిలాయి ఉన్నాయి. ఉదయం గుడికి, సాయంత్రం నగరానికి కేటాయిస్తే రెండూ తీరిగ్గా చూడవచ్చు.

విశాఖపట్నం నుంచి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైళ్లు వస్తాయి. 2024 సెప్టెంబరు నుంచి విశాఖ–దుర్గ్ వందేభారత్ కూడా నడుస్తోంది. రాయపూర్‌లోనో దుర్గ్‌లోనో దిగి, లోకల్ బండిలో దేవబలోదా చరోదా స్టేషన్‌కు చేరుకోవడం సులువు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి అప్పుడు రాకపోవడమే మేలు.

దేవబలోదా మహాదేవ ఆలయం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఇది సుమారు 13వ శతాబ్దపు కట్టడం. శిఖరం పూర్తి కాలేదు. గర్భగుడి మండపం కన్నా పల్లంలో ఉంటుంది, మెట్లు చూసుకుని దిగాలి. ఏనుగుల బారులు, వేట దృశ్యాలు, నర్తకులు, దేవతామూర్తులు వెలుపలి గోడల మీద ఉన్నాయి. ఏటవాలు ఎండలో చెక్కడపు లోతు బాగా తెలుస్తుంది కనుక పొద్దున్నే వెళ్లాలి. గుడి చుట్టూ నిదానంగా తిరిగి, గోడలను వరుస వెంబడి చూడాలి. శిల్పాలను తాకకూడదు.

గుడి పక్కన కుండం ఉంది. శిల్పి ఒకడు రాత్రిళ్లు దిగంబరంగా పని చేసేవాడనీ, ఒకనాడు భార్యకు బదులు చెల్లెలు అన్నం తేవడంతో సిగ్గుతో ఈ కుండంలో దూకాడనీ, అందుకే శిఖరం ఆగిపోయిందనీ ఊరివాళ్లు చెబుతారు. కుండం నుంచి రాయపూర్‌కు తూర్పున ఉన్న ఆరంగ్‌కు సొరంగం ఉందన్నది ఆ కథలోదే. మహాశివరాత్రికి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది. శిల్పాలను ప్రశాంతంగా చూడాలనుకునేవారు ఆ రోజు కాక వేరే రోజు ఎంచుకోవాలి.

ఇక సాయంత్రం భిలాయికి. ఇక్కడి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశంలోని రైలు పట్టాల్లో అధిక భాగం ఇక్కడే తయారయ్యాయి. లోపలికి వెళ్లాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. టౌన్‌షిప్‌లో చిరునామాలన్నీ సెక్టార్ నంబర్లతోనే నడుస్తాయి. సివిక్ సెంటర్‌లోని కృష్ణార్జునుల రథ శిల్పం, 1972లో భారత–సోవియట్ మైత్రికి గుర్తుగా ఏర్పడిన మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాల చూడదగ్గవి. మైత్రీబాగ్‌కు తెల్లపులుల వల్ల పేరొచ్చింది.

ఇక్కడ హిందీ, ఛత్తీస్‌గఢీ వాడుక భాషలు. అయినా తెలుగువారికి మాట కరువుండదు. రైల్వే, ఉక్కు పనుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు చరోదాలోనూ భిలాయిలోనూ తరాలుగా స్థిరపడ్డాయి. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం వారికి కూడలి. బియ్యప్పిండితో చేసే చీలా, ఫరా ఇక్కడి ఇంటి వంటలు, తప్పక రుచి చూడాలి.

మరో రోజు వీలైతే ఆరంగ్‌లోని భాండ్ దేవళ్ జైన ఆలయం, మహానది ఒడ్డున సిర్పూర్‌లోని ఇటుకల లక్ష్మణాలయం చూడవచ్చు. రెండూ రాయపూర్‌కు తూర్పున, ఒకే వైపు ఉన్నాయి.