యాభై మార్కుల కల్లు

ఎడిటర్ గారి పురమాయింపు రెండు ముక్కల్లో తేలిపోయింది. హైదరాబాద్ పబ్బుల్లో కాచే బీరు మీద అందరూ రాశారు, మీరు మీ జిల్లాల్లో తిరిగి రుచి చూసి మార్కులేయండి. శుక్రవారానికల్లా పేజీ కట్టాలి.

మా జిల్లాలంటే జగిత్యాల, రాజన్న సిరిసిల్ల. ఊళ్లంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. బీరు కాచి పోసే పబ్బును ఈ మూడు ఊళ్లలో వెతకడం దండగ. వైన్‌షాపులో దొరికేది పెద్ద కంపెనీల 650 మిల్లీలీటర్ల సీసా. దాన్ని కోరుట్లలో విప్పినా కొత్తగూడెంలో విప్పినా ఒకే రుచి ఉండాలన్నది ఆ కంపెనీల పంతం. అలాంటప్పుడు ఊరూరా మార్కులెందుకు? మైక్రోబ్రూవరీలకు తెలంగాణ ప్రభుత్వం 2015లో నియమాలు తెచ్చాక రాజధానిలో పబ్బుల్లోనే బీరు కాచడం మొదలైంది. అది కుళాయి నుంచి పట్టి అక్కడికక్కడే తాగాల్సిన సరుకు. దాదాపు రెండు వందల కిలోమీటర్లు దాటి మా దగ్గరికి రాదు.

అయితే క్రాఫ్ట్ బీరు అభిమానులు గొప్పగా చెప్పుకునేవేమిటి? చిన్న మోతాదు, చేతిపని, చేసినవాడి ముఖం ఎరిగి ఉండడం, వడపోత యంత్రాలు లేకపోవడం, ఎక్కడిదక్కడే తాగడం. ఈ లెక్కన మా వైపు స్వతంత్ర బ్రూవరీలకు కొదవ లేదు. అవి నిలువునా ముప్పై నలభై అడుగులుంటాయి, మోకు ముత్తాదు వేసుకుని ఎక్కాలి.

బీరు కోసం పంపిన మనిషి కల్లు మండువలో తేలడం ఇక్కడ వింతేమీ కాదు.

నేను వెంట పట్టుకుపోయింది ఒక్క కాగితం. అమెరికాలో 1985లో మొదలైన ‘బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్’ వారి మార్కుల పత్రం అది. ఇళ్లలో బీరు కాచేవారి పోటీలు చాలా దేశాల్లో దీని మీదే నడుస్తాయి. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, అన్నీ కలిపి ఎలా ఉందన్నదానికి 10. నలభై అయిదుకు చేరితే అసాధారణం. 38 నుంచి 44 దాకా అద్భుతం, 30 నుంచి 37 చాలా బాగు, 21 నుంచి 29 బాగు, 14 నుంచి 20 పరవాలేదు. 13కు దిగితే ఎక్కడో తేడా కొట్టినట్టు.

ఈ పంపకంలోనే తెలివంతా ఉంది. మెరిసే రంగుకు, నిలిచే నురుగుకు కలిపి మూడంటే మూడే మార్కులు. సీసా మీది బొమ్మకు సున్నా. వాసనకు పన్నెండు ఎందుకంటే, తీపి, పులుపు, చేదు, ఉప్పు అంటూ నాలుక తేల్చేది కొంతే, మిగిలిన రుచంతా ముక్కు పని. అందుకే పోసిన వెంటనే, వాసనలు ఎగిరిపోకముందే జడ్జి గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. సెంటు పూసుకుని రాకూడదు, పక్కన సిగరెట్ కాలకూడదు. పోయించుకునేది రెండు మూడు గుక్కలు. ఏం బాగుందో, ఏం బాగాలేదో, ఎందుకో రాయాలి. ‘సూపర్’ అని రాసి ఊరుకుంటే కుదరదు. మన సినిమా సమీక్షకులకూ ఇలాంటి కాగితం ఒకటి ఇస్తే బాగుండు.

పత్రం పక్కన తప్పుల పట్టీ ఉంటుంది. పచ్చి యాపిల్ వాసన, వెన్న వాసన, ఉడికిన మక్కల వాసన, తడిసిన అట్టపెట్టె వాసన, కుళ్లిన గుడ్డు వాసన, పులుపు, ఈస్టు, లోహం. ఒక్కోదాని వెనక ఒక కారణం. గాలి తగిలిన బీరుకు అట్టపెట్టె వాసన పడుతుంది. ఎండ తగిలితే చేదు కోసం వేసే హాప్స్ విరిగి కంపు కొడుతుంది. సగం పులిసినప్పుడే దించితే పచ్చి యాపిల్ వాసన మిగులుతుంది.

ఈ పట్టీ ముందు పెట్టుకుని కల్లు తాగితే నవ్వొస్తుంది. పులుపు, ఈస్టు, గంధకం అన్నీ తప్పులే. మా కల్లు పుట్టుకతోనే ఫెయిల్.

కానీ అదే సంస్థ శైలుల పుస్తకంలో లాంబిక్ అని ఒకటుంది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల చలికాలంలో కాస్తారు. కాచిన రసాన్ని వెడల్పాటి తొట్టెల్లో రాత్రంతా గాలికి వదిలేస్తే, గాలిలోవీ పాత చెక్క పీపాల్లోవీ సూక్ష్మజీవులు దిగి దాన్ని పులియబెడతాయి. ఈస్టు ఎవరూ కలపరు. గుర్రాల కొట్టం వాసన, నోరు ముడుచుకునే పులుపు ఉన్న ఆ బీరును జడ్జీలు నెత్తిన పెట్టుకుంటారు. అక్కడి పులుపుకు ఆ మర్యాద ఉన్నప్పుడు మా మానేరు నది ఒడ్డు పులుపుకు ఎందుకుండదు? లాంబిక్ లెక్కలోనే మార్కులేయాలని తీర్మానించుకున్నా. తేడా ఒక్కటే: అది పీపాలో ఏళ్లు ఉంటుంది, ఇది లొట్టిలో గంటలు.

ఈతకల్లు దిగిపోతూ తాటికల్లు అందుకుంటున్న మాఘమాసం. జగిత్యాల పక్కన పొలాస దారిలో మొదటి లొట్టి. జగిత్యాల సన్నాలు పుట్టిన వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్న ఊరది, కొత్త రకాలకు మార్కులేయడం అక్కడ కొత్త కాదు. అయినా గౌడన్న నా కాగితాన్ని అనుమానంగా చూసిండు. “మార్కులేస్తె తియ్యగైతదా సారూ?” అని, లొట్టిలో తేలుతున్న చీమలను పీచుతో వడగట్టి పోసిండు. చీమలకు పత్రంలో గడి లేదు. ఈత కల్లు పలచన, చలువ. ముందు చెరుకు రసం లాంటి వాసన, ఆ వెనక తడి మట్టి. నాలుక మీద చిన్న చురుకు, చివర పెరుగుపులుపు. వాసనకు 8, రూపానికి 2, రుచికి 16, నోటికి 4, మొత్తానికి 9. కలిపితే 39.

కోరుట్లలో పని వేరే పడింది. అక్కడ ఒకే లొట్టి కల్లును పొద్దున, మధ్యాహ్నం, మాపు మూడుసార్లు రుచి చూసే వీలు దొరికింది. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. పొద్దున ఇంకా తీపి ఎక్కువ, వాసన లేత: 33. ఎండ నడినెత్తికొచ్చేసరికి తీపి తగ్గి, పొంగు పెరిగి, పులుపు సమానంగా కుదిరింది: 40. దీపాల వేళకు వెనిగర్ వాసన ముక్కు గుద్దింది: 24. చెట్టు అదే, లొట్టి అదే, నాలుక అదే.

కారణం చెట్టు రసంలోనే ఉంది. అందులో నూటికి పది నుంచి పదిహేను పాళ్లు చక్కెర. పాత లొట్టి గోడలకు నిన్నటి ఈస్టు అంటుకుని ఉంటుంది కాబట్టి చుక్కలు పడుతుండగానే పులియడం మొదలవుతుంది. ఒకవైపు ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా, గ్యాసుగా మారుస్తుంటే ఇంకోవైపు బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. కొన్ని గంటల్లో ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుతుంది, అంటే మామూలు లాగర్ బీరంత. ఆ తర్వాత వెనిగర్ చేసే బ్యాక్టీరియా రాజ్యం. కడిగిన లొట్టికి సున్నం పూస్తే పులియదు, నీరా అవుతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మే 3న తెరిచిన నీరా కేఫ్‌లో పోసేది అదే. ఒకే చెట్టు నుంచి పిల్లల పానీయమూ పెద్దల పానీయమూ వస్తాయి, మధ్య ఉన్నది కాస్త సున్నం. కాబట్టి కల్లుకు మార్కు వేస్తే పక్కన గంట కూడా వేయాలి. గంట లేని మార్కును నేను నమ్మను.

సిరిసిల్లలో తాటికల్లు. మానేరు అవతలి గట్టు పోతుతాళ్లది. గెలలను కట్టి, నొక్కి, పూటపూటకూ కొస చెక్కితే దిగే రసం. సాంచాల మీద పని దిగిన నేతన్నలు బొబ్బర గుడాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. తాటికల్లు చిక్కన, మొండి. గంధకం వాసన నిజంగానే ఉంది, కానీ రెండో గుక్కకు అది పండిన తాటిపండు వైపు జరుగుతుంది. వగరు గొంతు దాకా నిలుస్తుంది. లాంబిక్ జడ్జి ఎవరైనా ఇది తాగితే మారుమాట్లాడకుండా ఇంకో గ్లాసు అడుగుతాడని నా పందెం. నేను 42 వేశా. పక్షపాతం ఉందంటే ఉంది, మా తాతల ఊళ్లివి.

చరిత్ర రాయమని డెస్క్ గొడవ. గబగబా: నిజాం కాలంలో అబ్కారీ ఖజానాకు పెద్ద దిక్కు, చెట్టు సర్కారుది, లాభం గుత్తేదారుది, పడితే ప్రాణం గీసేవాడిది. బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు గీత కార్మికులను కూడగట్టారు. తర్వాత గీత సహకార సంఘాలు, చెట్టు గీసేవాడికే అనుమతిచ్చే లైసెన్సులు వచ్చాయి. 1993 అక్టోబరు 1న ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో సడలింపు. హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి.

ఇక నా కాగితం చేతులెత్తేసిన చోటు. ఒక పట్టణపు దుకాణంలో, ఏదో చెప్పను, పోసిన కల్లుకు ముందు వాసనే లేదు. తీపి ఉంది, కానీ పులుపు లేకుండా తీపి. చేదు చివర్లో వచ్చి పోలేదు. ఏ చెట్టుది అంటే జవాబు లేదు. ఉమ్మేశా. చెట్ల కల్లు చాలని చోట నీళ్లు, శాక్రిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజపాం, అల్ప్రాజోలం కలుపుతారన్నది ఎక్సైజ్ కేసుల్లో ఏళ్లుగా తేలుతున్న సంగతి. 2015 సెప్టెంబరులో దాడులు పెరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు వందలమంది ఫిట్స్‌తో, పిచ్చిమాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. అది కల్లు మానడం వల్ల వచ్చింది కాదు, అందులో కలిపిన మత్తుమందు మానడం వల్ల వచ్చింది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. అల్ప్రాజోలంను నాలుక పట్టుకోలేదు, ల్యాబ్ పట్టుకోవాలి. గ్లాసులో ఉన్నది చెప్పిన సరుకేనన్న నమ్మకం మీద బీరు జడ్జి పత్రం నిలబడింది. ఆ నమ్మకం లేనిచోట యాభైకి ఎన్ని వేసినా అబద్ధమే.

బాక్స్: పక్కన ఏం పెట్టుకోవాలి

ఈతకల్లుకు మక్కగుడాలు, తాటికల్లుకు బోటి లేదా ఎండుచేప వేపుడు. సర్వపిండి రెండింటికీ నప్పుతుంది, నువ్వుల నూనె వాసన పులుపును అదుపులో పెడుతుంది. చల్లటి కల్లుకు వేడి మిర్చి బజ్జీ పెట్టేవారితో నాకు పేచీ.

బాక్స్: ఎక్కేవాడి సంగతి

తాటిచెట్టు మీంచి పడి గీత కార్మికులు చనిపోవడం ఏటా ఉన్నదే. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కాటమయ్య పేరిట భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. కాటమయ్య గీత వృత్తి దేవుడు. మార్కుల పత్రంలో చేతిపనికి విడిగా మార్కులు లేవు, ఉంటే ఈ బీరుకు మించింది ఉండదు.

తుది మార్కులు: సిరిసిల్ల తాటికల్లు 42, కోరుట్ల మధ్యాహ్నపు లొట్టి 40, జగిత్యాల ఈతకల్లు 39. దుకాణానికి మార్కు లేదు. మీరు మండువకు పోతే ధర తర్వాత అడగండి, ఏ చెట్టుది, ఎన్ని గంటలకు దించింది అన్నది ముందు అడగండి. జవాబు తడబడితే లేచి రండి.