కరెంటు డ్రిల్లుతో బెజ్జములు వేయు విధము

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో ఒక్క రైతింటనే నాలుగు తీరుల వస్తువులకు బెజ్జములు వేయవలసి వచ్చును. దొడ్డి తలుపునకు వేపచెక్క, మోటారు బిగించుటకు ఇనుప బద్ద, అరుగునకు నాపరాయి, కంచెకు రాతి కడీ. పూర్వము చెక్కపని వడ్రంగి బరమాతోను, ఇనుపపని కమ్మరి కొలిమివద్దను, రాతిపని ఉలితోను జరిగెడిది. నేడు ఒక్క డ్రిల్లునే అన్నిటికిని వాడుచున్నారు. యంత్రమొక్కటే యైనను, పదార్థమును బట్టి బిట్టును, వేగమును, ఒత్తిడియు మారవలెనను సంగతి పలువురు గమనింపరు. బిట్లు మాడుటకును, రాళ్ళు పగులుటకును, మణికట్లు బెణకుటకును ఇదియే ముఖ్యహేతువు.

విద్యుచ్ఛక్తితో తిరుగు డ్రిల్లునకు 1889లో మెల్బోర్ను నగరమున ఆర్థర్ జేమ్స్ ఆర్నాటు పేటెంటు పొందెను. చేతబట్టి వాడదగిన యంత్రమును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్టునందలి ఫైన్ కార్ఖానావారు నిర్మించిరి.

బిట్టు విషయము మొదట తెలిసికొనవలెను. చెక్కకు నడుమ సూదిమొన గల బిట్టును, ఇనుమునకు హైస్పీడు స్టీలు బిట్టును, రాతికి మొనయందు కార్బైడు ముక్క అతికిన బిట్టును తగినవి. ఇనుప బిట్టును రాతిపై బెట్టిన క్షణములో మొక్కవోవును. రాతి బిట్టు ఇనుమును కోయజాలదు, కాల్చును.

చెక్కపని సులభము. వేగము హెచ్చుగా నుండవచ్చును. బెజ్జము ఆవలికి వెడలుచోట చెక్క పేళ్ళు లేవకుండ వెనుక నొక పనికిరాని పలకను ఆనించిన చాలును. నల్లతుమ్మ వంటి గట్టి కొయ్యకు మరమేకు బిగించుటకు ముందు సన్నని బెజ్జము వేయనిచో కొయ్య చీలును, లేదా మేకు తల తెగును.

ఇనుముతో జాగ్రత్త యెక్కువ కావలెను. మొదట పంచితో చిన్న గుంట కొట్టనియెడల బిట్టు జారి గీతలు పెట్టును. బిట్టు లావైన కొలది వేగము తగ్గవలెను. మామూలు ఇనుమునకు 6 మి.మీ. బిట్టు నిమిషమునకు సుమారు 1,300 చుట్లును, 12 మి.మీ. బిట్టు అందు సగమును తిరిగిన చాలును. చుట్లు లెక్కించు సాధనము మనయొద్ద నుండదు గదా! తునుకలు మెలికలుగా వచ్చుచుండిన వేగము సరిపోయినదని యెరుగుడు. పొగ లేచినచో తగ్గించి, కొంచెము నూనె వేయవలెను. పోత ఇనుము మాత్రము పొడిపొడిగానే రాలును. దానికి నూనె అక్కరలేదు.

ప్రమాదము సాధారణముగా బెజ్జము ముగియు తరుణమున వచ్చును. మొన ఆవల దేలగానే ఇనుము బిట్టును పట్టుకొనును. అపుడు బిట్టు నిలిచి, చేత బట్టిన రేకు గాని యంత్రము గాని గిర్రున తిరుగును. కావున రేకును ఎన్నడును చేతితో పట్టుకొనరాదు, బిగింపునం దుంచవలెను. పెద్ద డ్రిల్లునకు ప్రక్కపిడి తప్పక తగిలింపవలెను. చివర ఒత్తిడి తగ్గింపవలెను. చేతితొడుగులు క్షేమకరములని కొందరు తలంతురు గాని, తిరుగు బిట్టు తొడుగును చుట్టుకొని వ్రేళ్ళను లాగివేయును. తువాలు అంచులు, వ్రేలాడు చొక్కా చేతులు, విడిన జుట్టు అట్టివే. కంటి అద్దములు మాత్రము ఏ పనికైనను ఉండవలెను.

తడిసిన నల్లరేగడిలో నిలిచి డ్రిల్లు పట్టుట మిక్కిలి అపాయకరము. పొలమునకు తీగ లాగునపుడు అతుకులు లేని తీగనే వాడి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. గల బోర్డునుండి కరెంటు గైకొనవలెను. మూడు ముండ్ల ప్లగ్గులో ఎర్తు ముల్లును విరిచి వాడు దురభ్యాసము కొన్నిచోట్ల కలదు; అది ప్రాణముతో జూదము.

ఇక రాయి. బేతంచెర్ల, బనగానపల్లెల నాపరాయి సున్నపురాతి జాతి. అది మెత్తనిదే కాని పొరలుగా చీలును. కావున సుత్తిపోటు మీటను ఆపి, త్రిప్పుటతోడనే నెమ్మదిగా తొలువవలెను. పలకను ఇసుక పరుపుపై సమముగా నిలిపి, అంచునకు దూరముగా గుర్తించి, సగము తొలిచి త్రిప్పి, రెండవ ప్రక్కనుండి ముగించిన చీలిక తక్కువ. ఇటుక గోడకు సుత్తిపోటు చెల్లును. అయితే స్విచ్చుబోర్డునకు సూటిగా పైనను క్రిందను గోడలో తీగ లుండునని మరువరాదు.

నల్లరాయి, గ్రానైటు కడీలకు మామూలు డ్రిల్లు చాలదు. రోటరీ హామరు కావలెను. నీటితో కోయు వజ్రపు బిట్టును అందుకై చేసిన యంత్రమునకే తగిలింపవలెను, మామూలు డ్రిల్లుపై నీరు పోయరాదు. ఆళ్ళగడ్డ శిల్పులకు గల రాతి దుమ్ము బాధ కడీలు తొలుచు రైతునకును కలదు. గ్రానైటులో పలుగురాయి యుండును. దాని సన్నని రేణువులు ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. దీనిని నయము చేయు మందు లేదు. ముఖమునకు చుట్టిన తువాలు పెద్ద రేణువులనే ఆపును. ఎన్-95 మాస్కు ముఖమునకు అంటియుండవలెను, పెరిగిన గడ్డముపై అది అంటదు. పని ముగిసినపిమ్మట దుమ్మును పొడి చీపురుతో ఊడ్వక నీరు చల్లి తుడువవలెను. ఆనాటి బట్టలను ఇంటిలో దులుపక బయటనే తడిపి ఉతుకవలెను.