పసిబిడ్డ చిత్రము – ఇంటి చేతిపని

మన ఇండ్లలో ముందుగదిని అలంకరించు వస్తువులను ఒకసారి పరికించినచో, అంగడి నుండి కొని తెచ్చినవి కొన్ని, చేతితో చేసినవి కొన్ని కనబడును. బల్లపై క్రోషియా అల్లిక, గుమ్మమునకు పూసల తోరణము, గుడ్డపై రంగుదారముతో కుట్టిన చిలుక, వీటి నడుమ గోడపై ఒక పటములో ఆ ఇంటి బిడ్డ. బోర్లపడి తల ఎత్తి చూచుచున్న ఆ బిడ్డ నేడు ఏ ఉద్యోగములోనో, ఏ దూరదేశములోనో ఉండవచ్చును. అయినను వచ్చిన అతిథి చూపు మొదట నిలుచునది ఆ పటముపైననే. అల్లికలు, కుట్లు నేర్పుటకు మన విద్యార్థినులకు ఇంటిలో పెద్దలున్నారు. కాని ఆ పటమును కూడ ఒక చేతిపనిగా భావించి, బిడ్డ క్రింద పరచు గుడ్డ మొదలు గోడకు కొట్టు మేకు వరకు తెలిసి చేయువారు తక్కువ. ఈ వ్యాసమున మేము ముచ్చటింపదలచినది దానిని గురించియే.

ఈ విషయమున మాకు శ్రద్ధ కలుగుటకు ఒక కారణమున్నది. మా అన్నగారు మేము పుట్టకమునుపే, పదకొండవ నెలలో కన్నుమూసినారు. ఆయనది ఉన్నది ఒక్కటే ఛాయాచిత్రము, నలుపు తెలుపులది. దానిని పటము కట్టినవారు ఆనాటి అలవాటు చొప్పున చిత్రమును అద్దమునకు ఆనించి, వెనుక వార్తాపత్రిక మడతలు పెట్టి, పలకతో మూసినారు. ఆ పటము వెలుపలి గోడపై ఏండ్ల తరబడి వ్రేలాడినది. ఒక వానకాలమున గోడ చెమ్మగిల్లి అద్దము లోపల మరకలు కనబడగా, బాగుచేయుదమను సదుద్దేశముతో మేమే దానిని విప్పి, అంటుకొనిన చిత్రమును మెల్లగా లాగినాము. కాగితము చేతికి వచ్చినది. ముఖము అద్దముపై ఉండిపోయినది. నెగటివు లేదు. మా తల్లిగారు ఒక్క మాటయు అనలేదు.

తరువాత తెలిసికొన్నది ఇది. నలుపు తెలుపుల చిత్రములో బొమ్మను ఏర్పరచు వెండి రేణువులను కాగితముపై పట్టి ఉంచునది జెలటిన్ పొర. చెమ్మ తగిలినచో అది జిగురువలె మెత్తబడి, తనకు ఆనియున్న అద్దమును పట్టుకొనును. ఆరిన పిమ్మట లాగితే పొర చిరిగి ఊడివచ్చును. అట్టి పటము ఎవరి ఇంటనైనను ఉన్నచో లాగుటకు ప్రయత్నింపరాదు. అద్దముతో సహా దానిని స్కాన్ చేయించుట గాని, వెలుగు అద్దముపై మెరయకుండ చూచి దానికే మరల ఛాయాచిత్రము తీయుట గాని చేయవలెను.

ఇక చిత్రము తీయు పద్ధతికి వత్తుము. 1839లో పారిస్ నగరమున దగేర్ పద్ధతి లోకమునకు వెల్లడియైననాడు, ఒక చిత్రము తీయుటకు నిమిషముల కాలము పట్టెడిది. పెద్దలు ఎట్లో కదలక కూర్చుండిరి గాని, పసిబిడ్డను నిలుపుట ఎవరి తరము? తరువాత ఆ కాలము సెకనులకు తగ్గినను చిక్కు తీరలేదు. ఇంగ్లండులోను అమెరికాలోను ఆనాటి స్టూడియోలు ఒక ఉపాయము పన్నినవి. తల్లిని కుర్చీవలె కూర్చుండబెట్టి, ఆమెపై తెరగుడ్డయో దుప్పటియో కప్పి, బిడ్డను ఆ గుడ్డపై ఒడిలో ఉంచి చిత్రము తీసెడివారు. అట్టి చిత్రములు నేటికిని అనేకము నిలిచియున్నవి. చూచినకొలది అవి మనసును కలచును. బిడ్డ నవ్వుచుండును, వెనుక ముఖము లేని ఒక ఆకారము బిడ్డ నడుమును పట్టుకొని ఉండును.

మన హైదరాబాదు చరిత్రలో దీనికి భిన్నమైన ఘట్టమొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదాంకితుడు రాజా దీన్ దయాళ్ 1892లో ఈ నగరమున పరదా పాటించు స్త్రీల కొరకు ప్రత్యేకముగా జనానా స్టూడియోను నెలకొల్పినాడు. ఎత్తైన గోడల లోపల, ఒక ఆంగ్ల వనిత పర్యవేక్షణలో, స్త్రీలే సహాయకులుగా అచట చిత్రములు తీసెడివారు. ఒకచోట తల్లిని చిత్రము నుండియే మరుగుపరచినారు. ఇచట పరచూపు నుండి మరుగుపరచి చిత్రములో నిలిపినారు.

నేటి ఫోను కెమెరాకు సెకనులో నూరవ వంతు కాలము చాలును. తల్లి దుప్పటి క్రింద దాగవలసిన పని లేదు. అయినను ‘నీ చేయి పడుచున్నది, తీయుము’ అని తల్లిని కేకలు వేయు ఛాయాగ్రాహకులను మేము నేటికిని చూచుచున్నాము. ఇది తగదు. మూడు నాలుగు నెలలు నిండువరకు బిడ్డకు మెడ నిలువదు. ఆ వయసున తల క్రింద చేయి ఉండియే తీరవలెను. గంపలలో, కుండలలో నిలబెట్టుట, ఉయ్యాలగుడ్డను కొమ్మకు వ్రేలాడగట్టి అందులో ఉంచుట కూడని పనులు. గడ్డమును రెండు అరచేతులపై ఆనించి నిద్రించుచున్న శిశువుల చిత్రములు పత్రికలలోను ఫోనులలోను కనబడుచుండును. వాటిని చూచి అట్లే చేయబోవువారికి ఒక సంగతి తెలియదు. జాగ్రత్తగా తీసినవి ఒకే చిత్రము కావు. ఒకసారి తలను, మరొకసారి చేతులను పెద్దలు పట్టుకొని ఉండగా తీసిన రెండు చిత్రములను తరువాత కలిపి, పట్టుకొనిన వ్రేళ్లను చెరిపివేసినవి. చేయి పడినచో పడనిండు. మా అభిప్రాయములో ఆ చేయియే చిత్రమునకు అందము.

బిడ్డను మంచముపై గాక నేలపై పరచిన పరుపుపై ఉంచవలెను; బోర్లపడు వయసు ఏనాడు వచ్చునో ముందుగా చెప్పి రాదు. పరుపుపై పరచుటకు మన ఇంటి బొంతను మించినది లేదు. పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పేర్చి, నలువైపుల అంచులు మడచి, వెలుపలి నుండి నడిమికి వరుసలుగా సాదా కుట్టు వేసినచో బొంత సిద్ధమగును. వరుసకు వరుసకు వ్రేలెడు ఎడముంటే చాలును; దగ్గరగా కుట్టినకొలది గట్టిపడి మెత్తదనము పోవును. అనేకసార్లు ఉతికిన చీరలగుటచే గంజి ఉండదు, రంగు దిగదు, చర్మమును ఒరయదు. అన్నింటికన్న మేలు, వెలిసిన రంగులగుటచే అది బిడ్డ ముఖముతో పోటీపడదు. పోచంపల్లి, గద్వాల వస్త్రములు ఎంత మనోహరములైనను ఈ పనికి కొంచెము ఎక్కువ మాటకారులు. బొంతను ఉర్దూలో గుదడీ అందురు. దానిపై పడుకొనిన బిడ్డను చూచినప్పుడు, మన ఉర్దూ మిత్రులు ‘గుదడీ కా లాల్’ అనుటలోని స్వారస్యము తెలియును.

అలంకారమునకు ఇంకను ఏమైన ఉంచవలెనన్నచో లక్కపూత వేసిన ఏటికొప్పాక బొమ్మయో, తేలికైన పొణికికర్రతో చేసిన కొండపల్లి బొమ్మయో బిడ్డకు అందనంత దూరములో ఉంచవచ్చును. పూసలు, గుండీలు, తళుకుబిళ్లలు మాత్రము మూడేండ్లలోపు పిల్లల చెంత పనికిరావు. అవి ఊడినచో నోటికి, నోటి నుండి గొంతుకు చేరుటకు క్షణము చాలును. లంబాడీ కుట్టుపనిలోని అద్దపు బిళ్లలను గురించియు ఇదియే మాట. దారములు, రిబ్బనులు మెడకు అందునంత పొడవుగా వదలరాదు. కాటుక విషయము కూడ ఇచటనే చెప్పవలెను. అంగడి కాటుకలలో, సుర్మాలలో కొన్నింట సీసము ఉన్నట్లు పరీక్షలలో తేలినది. చిత్రము కొరకై కన్నులకు దిద్దుట కంటె మానుటయే మేలు.

వెలుగునకు కిటికీ చాలును. నేరుగా ఎండ పడని కిటికీ ప్రక్కన రెండు మూడు అడుగుల దూరములో పరుపు వేసి, వెలుగు బిడ్డ తలవైపు నుండి ఏటవాలుగా ముఖముపై పడునట్లు ఉంచవలెను. పాదములవైపు నుండి వచ్చినచో గడ్డము క్రింద వెలిగి, కన్నుల పైన నీడ పడి, చక్కని బిడ్డ ముఖము కూడ వికారముగా తోచును. రెండవ ప్రక్క నీడ ఎక్కువైనచో అటువైపు తెల్లని అట్టయో, ఉతికిన పంచెయో నిలిపితే ఆ వెలుగే తిరిగి వచ్చి నీడను మెత్తపరచును. ఉత్తరపు కిటికీ శ్రేష్ఠమని పాశ్చాత్య గ్రంథములు చెప్పును. అది వారి అక్షాంశములకు చెల్లినంతగా మనకు చెల్లదు. హైదరాబాదులో మే రెండవ వారము నుండి ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముగానే ఉండును. కావున పుస్తకమును గాక ఆనాటి ఎండను చూచి కిటికీ ఎన్నుకొనవలెను. గోడ రంగును కూడ గమనింపవలెను. పచ్చరంగు పూసిన గదిలో బిడ్డ చెక్కిళ్లు పచ్చబడుట వ్యాధి కాదు, గోడ ప్రతిఫలించుటయే. ఒక తెల్లని దుప్పటిని గోడకు మేకులతో బిగించినచో ఆ చిక్కు తొలగును. ఫ్లాష్ వలన బిడ్డ చూపు పోవునను భయమునకు ఆధారము లేదు గాని, బిడ్డ ఉలికిపడును, ముఖము చదునుగా పడును. కిటికీ ఉండగా దానితో పని లేదు.

కొందరు నొచ్చుకొందురేమో గాని మరొక మాట చెప్పక తప్పదు. తెల్లని గుడ్డపై చామనచాయ బిడ్డను ఉంచి తీసినప్పుడు, కెమెరా ఆ తెలుపును చూచి వెలుగు ఎక్కువైనదని భ్రమించి అంతయు తగ్గించును. బిడ్డ ఉన్నదానికన్న నల్లగా పడును. అంతట పెద్దలు పౌడరు తెత్తురు. నేడు ఫోనులోనే తెల్లబరచు మీటలున్నవి. తప్పు కెమెరా లెక్కది, బిడ్డ మేనిది కాదు. తెరపై బిడ్డ ముఖమును వ్రేలితో తాకి, వెలుగును కొంచెము పెంచినచో ఉన్న చాయ ఉన్నట్లే వచ్చును. గుడ్డను లేత గోధుమరంగుకో, బూడిదరంగుకో మార్చినను చాలును.

నెలల శిశువును ఆరడుగుల దూరము నుండి గిలకతో పిలిచి లాభము లేదు. అప్పుడే పుట్టిన బిడ్డకు స్పష్టముగా కనబడునది 20 నుండి 30 సెంటీమీటర్ల దూరములోనిదే, అనగా పాలిచ్చు తల్లి ముఖము. తల్లి వంగి పలుకరించుచుండగా ప్రక్క నుండి తీయవలెను. కడుపు నిండి, నిద్ర తీరిన వేళ పది నిమిషములు దొరకును. ఏడ్చినచో ఆనాటికి చాలించవలెను. తెలుగు ఇండ్లలో బోర్లపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచు ఆచారమున్నది. ముస్లిముల ఇండ్లలో ఏడవనాటి అఖీఖా, నలుబదవనాటి చిల్లా ఉన్నవి. చిత్రములు తీయుటకు వీటిని మించిన కాలపట్టిక అక్కరలేదు. తీసిన చిత్రమును పదిమందికి పంపుటకు ముందు తల్లి అనుమతి అడుగుట మరువరాదు.

ఫోనులోని చిత్రము ఫోనుతోనే పోవును. ఏటికి నాలుగైదయినను కాగితముపై అచ్చు వేయించవలెను. పటము కట్టుటలో మొదటి నియమము, మా అనుభవము చెప్పినదే: చిత్రము అద్దమును తాకరాదు. మందమైన అట్టలో చిత్రమునకు సరిపడు కిటికీ కోసి, ఆ చట్రమును చిత్రమునకు అద్దమునకు నడుమ ఉంచినచో గాలి ఆడుటకు ఎడము చిక్కును. సాధారణపు గోధుమరంగు అట్టలోను, వార్తాపత్రికలోను ఆమ్లగుణముండుటచే అవి కాలక్రమమున చిత్రమునకు పసుపు మరకలు ఎక్కించును. నూలు పీలికలతో చేయు చేతికాగితము మేలైనది. ఒకప్పుడు నిజాము రాజ్యములో భాగమైన దౌలతాబాదు చెంతనున్న కాగజీపురా ఈ పనికి పేరొందిన ఊరు; మన కాగితము అను మాట పుట్టుక కూడ పారసీ కాగజ్ నుండియే. మైదా జిగురు పురుగును పిలుచును. సెల్లోటేపు పసుపు తిరిగి జిడ్డుగా మారును. చిన్న కాగితపు చదరమును మూలమీదుగా మడచి నాలుగు జేబులు చేసి, వాటిలో చిత్రపు మూలలు దోపినచో జిగురు చిత్రమునకు తగలదు. 1970, 1980 ప్రాంతములలో వాడుకలోనికి వచ్చిన, పైన పారదర్శకపు పొర గల అంటుడు ఆల్బములలో చిత్రములున్నచో, వాటిని కూడ స్కాన్ చేయించి ఉంచుకొనుట మంచిది.

పటమును ఎండ పడు గోడకు గాని, వానకు తడియు వెలుపలి గోడకు గాని, వంటగది ప్రక్కన గాని తగిలింపరాదు. వెనుక రెండు క్రింది మూలలకు బెండు ముక్కలు అంటించినచో పటము గోడను ఒరయక నిలుచును. చివరగా చిత్రపు వెనుక, అంచున, మెత్తని పెన్సిలుతో తేలికగా పేరు, తేదీ వ్రాయవలెను. బాల్‌పెన్ను నొక్కు ముందువైపునకు తేలును, సిరా చెమ్మకు పాకును. మా అన్నగారి చిత్రములో ముఖమున్న చోట నేడు తెల్లని కాగితమున్నది. త్రిప్పి చూచినచో, మా తల్లిగారు పెన్సిలుతో ఉర్దూలో వ్రాసిన పేరు, నెల, ‘ఇంకా రెండు పండ్లు వచ్చినవి’ అను ముక్క ఒక్క అక్షరమైనను చెరగక ఉన్నవి.