ధరలు పెరుగు కాలమున భూమి మధ్యవర్తులతో వ్యవహరించు విధము

(ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు వ్రాసినది)



విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, తెగుళ్ళను గూర్చియు ఈ పత్రికలో వ్రాయుట నా పని. ఇండ్ల బేరములను గూర్చి వ్రాయుట నాకేల యని కొందరు అడుగవచ్చును. కాని కొంతకాలముగా నేను పొలము గట్టున నిలిచి వరి దుబ్బును పెరికి చూపుచుండగా, రైతులు నన్ను అడుగు ప్రశ్నలు మారినవి. "సారూ, రెండెకరములు అమ్మి బాలానగరులో పిల్లవానికి ఇల్లు కొనుట మంచిదేనా? మధ్యవర్తి దినమును వచ్చుచున్నాడు, ఆయనను నమ్మవచ్చునా?" అని అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు నేను ఉత్తరము చెప్పగలను. ఏలయన ఈ విషయమున మా కుటుంబము నష్టపడినది. ఆ నష్టములో నా చేతి సంతకము కూడ కలదు.

బాలానగరనగా మహబూబునగరు జిల్లాలో సీతాఫలమునకు తన పేరిచ్చిన బాలానగరు కాదు. నర్సాపూరు బాట హైదరాబాదు నగరములో ప్రవేశించుచోట నున్న బాలానగరు. అది పూర్వము కార్ఖానాల పేట. 1960వ దశకములో ప్రభుత్వమువారి మందుల కార్ఖానాయు విమాన పరికరముల కార్ఖానాయు ఆ ప్రాంతమున వెలసినవి. 1968లో పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్ర విద్యాలయము స్థాపింపబడినది. మన గ్రామముల యువకులు అప్పుడు అచ్చటికి పోయినది యంత్రముల పనికొరకు. 1998లో మాదాపూరున సైబరు టవర్సు తెరువబడినది. క్రమముగా ఆ వైపంతయు కంప్యూటరు కొలువుల ప్రాంతమైనది. 2017 నవంబరులో మెట్రో రైలు బాలానగరు మీదుగా నడువసాగెను. 2021 జూలైలో నర్సాపూరు చౌరస్తామీద వంతెన తెరువబడెను. మాదాపూరు, కొండాపూరులలో ఇల్లు కొనలేని ఉద్యోగులు బాలానగరు చుట్టుపట్ల ఇండ్లకై వెదకసాగిరి. వారిలో మన పిల్లలును ఉన్నారు.

ఇక మన వైపు చూడుడు. దుండిగల్ వద్ద వెలుపలి వలయ రహదారి వచ్చినది. నర్సాపూరు, తూప్రాను, గజ్వేలుల మీదుగా ప్రాంతీయ వలయ రహదారి వచ్చునన్న వార్తతో ఆ బాట పొడుగునను భూముల ధరలు లేచినవి. కాబట్టి రైతు రెండు పెరుగుచున్న ధరల నడుమ నిలిచియున్నాడు. అతడు అమ్మునదియు పెరుగుచున్నది, కొనునదియు పెరుగుచున్నది. ఈ రెండు వాకిళ్ళ యొద్దను మధ్యవర్తి నిలిచియున్నాడు.

మధ్యవర్తులందరు మోసగాండ్రని నేను చెప్పను. కొనువానిని వెదకుటకును, పత్రములు సమకూర్చుటకును, ఇరువురిని ఒక మాటకు తెచ్చుటకును శ్రమ కలదు. ఆ శ్రమకు కూలి న్యాయమే. అడితి వ్యాపారి సంగతి మనకు తెలిసినదే గదా. పూర్వము గుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టుకొని రహస్యముగ ధర తేల్చు ఆచారముండెడిది. నిజాము రాజ్యమున 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినది. లైసెన్సు, బహిరంగపు వేలము, నిర్ణీతమైన కమీషను అను నియమములు క్రమముగా ఏర్పడినవి. నేడు బస్తా వడ్లకు మనము అడిగి తెలిసికొనుచున్న సంగతులను, తాతలనాటి భూమిని అమ్మునప్పుడు అడుగకున్నాము. ఇదియే నా విన్నపమునకు మూలము.

ఇక మా యింటి సంగతి. లెక్క సులభముగ తెలియుటకై అంకెలను గుండ్రముగ చేసి చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట మా యన్నగారు తమ రెండెకరముల చెలకను అమ్మి, కుమారునికొరకు బాలానగరు వైపున ఒక ఫ్లాటు కొనదలచిరి. ఒక మధ్యవర్తి రెండు బేరములును తానే కుదుర్చుదునని వచ్చెను. ఎకరము 80 లక్షల చొప్పున మొత్తము 1 కోటి 60 లక్షలకు మాట కుదిరినది. ఐదు లక్షలు బయానా. మిగిలిన దానికి ఆరు నెలల గడువు. అతడు నూటికి రెండు రూపాయలు కమీషను అడుగగా మేము రెండు గంటలసేపు వాదించి ఒక రూపాయికి దింపితిమి. లక్షా అరువది వేలు మిగిలినదని సంతోషించితిమి. ఒప్పంద పత్రము అతడే వ్రాయించి తెచ్చెను. మా యన్నగారు సంతకము చేసిరి, నేను సాక్షినైతిని. చిన్ననాడు మిషను బడిలో మా ఉపాధ్యాయుడు, ఏ కాగితమునైనను కడపటి పంక్తివరకు బిగ్గరగా చదివి తరువాత సంతకము చేయుడని నేర్పెను. ఎరువు సంచి మీది అక్షరములు చదువుడని మీకు చెప్పెడి నేను ఆ దినమున చదువలేదు.

ఆ ఫ్లాటు వెల 75 లక్షలు. దానికి మేమిచ్చిన బయానా రెండు లక్షలు. గడువు మూడు నెలలు. మూడు నెలలు గడచినను మా భూమి పైకము రాలేదు. అడిగిన "ఆరు నెలలున్నవి గదా" అని మధ్యవర్తి పత్రము చూపెను. ఫ్లాటు యజమాని తన గడువు తీరినదని చెప్పి, 83 లక్షలైన ఇచ్చెదను, లేనియెడల వేరొకరు సిద్ధముగ నున్నారనెను. ఆ ఇల్లు మాకు తప్పిపోయినది. ఎంత వేడుకొన్నను బయానాలో సగమే తిరిగివచ్చినది.

ఐదవ నెలలో తహశీలు కచేరీకి రమ్మని కబురు వచ్చెను. పోయి చూడగా కొనువాడు మేమెన్నడును చూడని మనుష్యుడు. మర్యాదస్థుడు, మాకు టీ ఇప్పించి, "ఎకరమునకు 95 లక్షలు పెట్టితిమి, నీళ్ళు బాగుగనుండునా?" అని మా యన్నగారిని అడిగెను. మా యన్నగారు నావైపు చూచిరి. నేను పత్రము తెరచి అప్పుడు చదివితిని. కొనువాని పేరు తరువాత "లేక వారు చూపినవారి పేర" అని యొక మాట యుండెను. మధ్యవర్తి తనకు తెలిసిన యొకరి పేర ఒప్పందము వ్రాయించి, దానినే మూడవవానికి అమ్మెను. ఐదు లక్షల బయానాతో ఐదు నెలలలో 30 లక్షలు వారి చేతికి పోయినవి. పత్రమునకు విరుద్ధముగ వారేమియు చేయలేదు. లక్షా అరువది వేల కొరకు రెండు గంటలు వాదించినవారము, ముప్పది లక్షల మాటను చదువక విడిచితిమి.

ఇంటికి వచ్చిన పిమ్మట మా వదినెగారు ఒక్కటే మాట యనిరి: "బర్రెను కొనుటకు పది యూళ్ళు తిరిగితిరి, భూమిని అమ్ముటకు ఒక పూట చాలినదా?"

దీనినుండి నేను నేర్చినది యిది. ధర నిలుకడగనున్న కాలమున కమీషను ముఖ్యము. ధర పెరుగు కాలమున గడువు ముఖ్యము. స్వల్పమైన బయానా పుచ్చుకొని దీర్ఘమైన గడువు ఇచ్చినవాడు, ఆ గడువులో పెరుగు ధరను ఇతరులకు ఉచితముగ ఇచ్చినవాడగును. కాబట్టి భూమి అమ్మువారు ఈ క్రింది సంగతులను మరువకుందురుగాక.

మొదటిది: మధ్యవర్తి ఎవరి పక్షమువాడో ముందుగ తేల్చుకొనుడు. ఇరువురి యొద్దను కమీషను పుచ్చుకొనువాడు మనకొరకు మాత్రమే పాటుపడునని తలపరాదు. అతని కమీషను ఎంత, ఎప్పుడు ఇయ్యవలయును అనునది కాగితముపై నుండవలెను. రిజిస్ట్రేషను అయిన పిమ్మట ఇచ్చుట మేలు.

రెండవది: కొనువాడెవడో పేరుతో వ్రాయించుడు. "చూపినవారి పేర" అను మాటను కొట్టివేయుడు. లేదా మన వ్రాతపూర్వకమైన సమ్మతి లేక ఇతరులకు మార్చరాదని చేర్చుడు.

మూడవది: పత్రములు చూచుకొనుటకును భూమి కొలుచుటకును తగినంత గడువే యిండు. గడువు ఎక్కువ కావలెనన్నవాడు బయానాయు ఎక్కువ ఇయ్యవలెను, వాయిదాల తేదీలును వ్రాయవలెను. తేదీ తప్పినచో ఏమి జరుగునో కూడ వ్రాయుడు.

నాలుగవది: అమ్మిన ధనముతో ఇల్లు కొనువారు, భూమి పైకము వచ్చు తేదీ ఇంటికి చెల్లింపవలసిన తేదీకంటె ముందుండునట్లు చూచుకొనుడు. మేము దీనిని తలక్రిందులుగ చేసితిమి.

ఐదవది: ఒప్పందముతోపాటు జనరల్ పవరాఫ్ అటార్నీ యిమ్మన్నచో స్వంత వకీలును అడుగక ఇయ్యకుడు. అట్టి కాగితముల వలన మాత్రమే భూమిపై హక్కు సంక్రమింపదని సుప్రీముకోర్టు 2011లో తీర్పు చెప్పినది. హక్కు రాకున్నను, మీ పేర ఇతరులు సంతకములు చేయుటకు దారి ఏర్పడును.

ఆరవది: బయానాను బ్యాంకు ద్వారా పుచ్చుకొనుడు. స్థిరాస్తి బేరములో 20,000 రూపాయలుగాని అంతకు మించిగాని రొక్కముగ పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము సామాన్యముగ నిషేధించుచున్నది. జరిమానా పుచ్చుకొన్నవానిపైననే పడును.

ఏడవది: మధ్యవర్తిని పిలుచుటకు ముందే మీ రికార్డు సరిచూచుకొనుడు. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానమున 2025 ఏప్రిలు 14వ తేదీన భూభారతి వచ్చినది. పాసుపుస్తకములోని గుంటలకును పొలములోని గుంటలకును భేదమున్నచో బేరగాడు దానిని చూపి ధర తగ్గించును. ఎకరమునకు నలుబది గుంటలు, గుంటకు 121 గజములు. ఒక్క గుంట తప్పు కూడ చిన్నది కాదు.

ఇక ఇల్లు కొనువారికి కొంత రక్షణ కలదు. 2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టము వచ్చినది. దీనినే రెరా యందురు. దీని ప్రకారము నమోదైన కట్టడములలో ఇండ్లు అమ్మించు మధ్యవర్తి తానును నమోదై యుండవలెను. అతని నంబరు అడుగుడు; తెలంగాణ రెరావారి వెబ్‌సైటులో సరిచూడుడు. కట్టడము నమోదు కానిచో అందులోని ఇంటిని అతడు అమ్మించరాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము చేసి రిజిస్టరు చేయింపనిదే నిర్మాత వెలలో పదియవ వంతుకు మించి పుచ్చుకొనరాదు. కొనువారినుండి వచ్చిన ధనములో నూటికి 70 వంతులు ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో ఉంచవలెను. ఫ్లాటు వైశాల్యమును గోడల లోపలి కార్పెటు కొలతతో చెప్పవలెను. మెట్లు, వసారాలు కలిపిన పెద్ద అంకె విని మోసపోవలదు.

అయితే ఈ చట్టమునకు మేరలు కలవు. కట్టడపు స్థలము 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 598 గజములకు, మించనప్పుడు గాని, ఫ్లాట్లు ఎనిమిదికి మించనప్పుడు గాని నమోదు అవసరము లేదు. సందులలో చిన్న స్థలములపై కట్టిన ఇండ్లు పెక్కు ఈ మినహాయింపులోనికి వచ్చును. ఇదివరకు ఒకరు కాపురముండి అమ్ము పాత ఫ్లాట్లకును ఈ రక్షణ సామాన్యముగ అందదు. అట్టిచోట్ల భారాల ధ్రువపత్రము, పూర్వపు దస్తావేజులు, కట్టడపు అనుమతి, నివాస యోగ్యతా పత్రము, పన్ను రసీదులు, బ్యాంకు అప్పు తీరినట్లు కాగితము, ఇవన్నియు మీరే చూడవలెను. సాగుభూమి బేరములకు రెరా వర్తింపదు. కావున పొలము అమ్మువానికి తాను వ్రాసికొన్న పత్రమే రక్ష.

మరియొక హెచ్చరిక. 2023 ఆగస్టులో కోకాపేటయందు ప్రభుత్వ వేలములో ఎకరము 100 కోట్ల 75 లక్షలు పలికినది. ఈ వార్తను చూపి కొందరు, ఇల్లు నేడు కొననిచో ఎన్నటికిని కొనలేరని భయపెట్టుదురు. భూమి ఇప్పుడే అమ్ముడని తొందరపెట్టుదురు. రోడ్లు, నీరు, విద్యుత్తు సమకూర్చి ఆకాశ సౌధములకై అమ్మిన స్థలపు ధర అది. మన చెలకకు కొలబద్ద కాదు. ఒకే ధర విని నమ్మక, సమీపమున రిజిస్టరైన బేరములను విచారించి, ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులను అడిగి చూడుడు.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. ఈ కాలమున భూమి అమ్మి చూడు అనునది కూడ చేర్చవలసియున్నది. మన సహకార సంఘము విత్తనములకును అప్పులకును మాత్రమే యని తలపవలదు. సంతకమునకు ముందు పత్రమును సంఘపు కచేరీకి తెండు. చదువు వచ్చిన ఇద్దరు సభ్యుల యెదుట, మీ ఇంటి ఆడువారి యెదుటను, మొదటి పంక్తి నుండి కడపటి పంక్తి వరకు బిగ్గరగ చదివించుడు. తెలియని మాట వచ్చినచోట ఆగి వకీలును అడుగుడు. "నేడే సంతకము కావలెను" అని మధ్యవర్తి పట్టుపట్టినయెడల, మరునాడు రమ్మనుడు. బేరము నిజమైనదైనచో మరునాడును వచ్చును.

నేను మీ గ్రామమునకు వచ్చు దినములలో నాకును చూపుడు. ఈ సారి నేను చదివియే సాక్షి సంతకము చేయుదును.